నారు పోయకముందే చెప్పాలి

(పాలకొల్లు దగ్గర ఒక ఊరి గ్రంథాలయంలో, 2025 నవంబరులో, సార్వా (ఖరీఫ్ వరి) కోతల రోజుల్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. కోతల రోజులు, పైగా మబ్బు పట్టి ఉంది. ఇలాంటప్పుడు వడ్లు వదిలి ఇంతమంది వచ్చారంటే ఈ విషయం మీకెంత ముఖ్యమో నాకు తెలుస్తోంది. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, చోటుంది.

నన్ను మాట్లాడమన్న సంగతి ఇది. వ్యాపారాన్ని ప్రభుత్వం అదుపులో పెట్టాలా, మార్కెట్‌ను దాని మానాన వదిలెయ్యాలా? ముప్పయ్యేళ్లు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పాను. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే పిల్లలు ఇన్ని లాభాలు, ఇన్ని నష్టాలు అని రాసి, చివర్లో రెండూ కావాలి అని ముగించేవాళ్లు. నేనూ మార్కులు వేసేవాణ్ని. ఇవాళ మాత్రం మీ ముందు నిలబడి ఆ జవాబు చెప్పలేను. మా ఇంట్లో జరిగిందే చెబుతాను, అక్కణ్ణుంచి వెళదాం.

2023 డిసెంబరు మొదటి వారం. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ వాన మనల్నీ ముంచింది. మా తమ్ముడు మూడెకరాలు కౌలుకు చేస్తాడు. వానకి రెండు రోజుల ముందే మిషన్ పెట్టి కోయించాడు. కళ్లాలు ఎప్పుడో పోయాయి కదా, అందరిలాగే రోడ్డు పక్కన ఆరబోశాడు. రాత్రి ఒంటిగంటకి గాలి లేచి బరకం ఎగిరిపోయింది. నేను, వాడు, మా మరదలు టార్చిలైట్ పెట్టుకుని బరకం చివరలు పట్టుకుని, వాటి మీద ఇటుకలు, తాటిమొద్దులు పెట్టాం. తెల్లారి బరకం ఎత్తితే కుప్పలోంచి ఆవిరి వచ్చింది. చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. అది దేనికి సూచనో మీకు నేను చెప్పక్కర్లేదు. అడుగు గింజలు నాలుగు అరచేతిలోకి తీసుకుని చూస్తే ముక్కు దగ్గర సూది మొనంత తెల్లటి మొలక.

మిల్లు దగ్గర గుప్పెడు గింజలు తేమ మిషన్లో పోశారు. 22 చూపించింది. తేమ 17 శాతం దాటితే ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర లేదు. ఆ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాకి 2,183 రూపాయలు, అంటే మన 75 కేజీల బస్తాకి 1,637. తరుగు కింద కొంత, రంగు మారిందని కొంత, నూక ఎక్కువొస్తుందని కొంత తీసేసి చివరికి బస్తా 1,400 కట్టారు. 90 బస్తాలు. 21,000 పైచిలుకు అక్కడే పోయింది. కౌలు కొలిచి, ఎరువుల షాపు బాకీ తీర్చాక వాడికి మిగలాల్సింది ఇంచుమించు ఆ 21,000 రూపాయలే. నాలుగు నెలల కష్టం, మా మరదలి కష్టంతో కలిపి.

నేను పాఠం చెప్పిన లెక్క ప్రకారం ఇది స్వేచ్ఛగా జరిగిన బేరం. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నచ్చకపోతే అమ్మడం మానెయ్యొచ్చు. ఇక్కడే నాకు మొదటిసారి నా పాఠం మీద అనుమానం వచ్చిందండి. మొలకెత్తుతున్న వడ్లు పట్టుకుని మానెయ్యడం ఎలా? సంతలో గేదెని అమ్మేవాడు నచ్చకపోతే తాడు పట్టుకుని ఇంటికి తోలుకుపోతాడు. కొనేవాడికి ఆ సంగతి తెలుసు, అందుకే ఇంకో వెయ్యి పెంచుతాడు. వెనక్కి తోలుకుపోగలిగినవాడికే బేరం ఉంటుంది. తడిసిన వడ్లకి ఆగే ఓపిక లేదు. కొనేవాడికి వారమైనా, నెలైనా ఆగే ఓపిక ఉంది. ఆగగలిగేవాడికీ ఆగలేనివాడికీ మధ్య జరిగేదాన్ని స్వేచ్ఛ అని నేను ఇక అనలేను.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. స్వేచ్ఛా మార్కెట్ అనగానే అందరూ తలుచుకునే ఆడమ్ స్మిత్, 1776లోనే ఈ సంగతి గమనించాడు. కూలి దగ్గర పేచీ వస్తే పనివాళ్లు లేకుండా యజమాని ఏడాదో రెండేళ్లో నెట్టుకురాగలడు, చాలామంది పనివాళ్లు వారం కూడా గడపలేరు అని రాశాడు. ఆయన పేరు చెప్పుకునేవాళ్లు ఆ భాగం దగ్గర ఎందుకు ఆగరో నాకు అర్థం కాదు.

అయితే తప్పంతా మార్కెట్‌దేనా? కాదు. ఆ మాట చెప్పాలంటే మన కాలువ దగ్గరికి వెళ్లాలి.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంతకుముందు ఈ నేల ఎలా ఉండేదో పెద్దవాళ్లు చెప్పగా విన్నాం. 1832–33 నందన కరువులో గోదావరి పక్కనే పారుతుంటే జనం తిండి లేక చచ్చిపోయారు. నీళ్లు సముద్రంలోకి, మనుషులు మట్టిలోకి. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం ప్రతి ఊళ్లో పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం మాత్రం పుణ్యానికి కట్టలేదు, శిస్తు పెరుగుతుందని కట్టింది, పెరిగింది కూడా. ఇవాళ దాని కింద 10 లక్షల ఎకరాల పైచిలుకు తడుస్తోంది. మన పొలం ధర, మన మిల్లు, మన ఊళ్లో బంగారం షాపు, అన్నీ ఆ రాతికట్ట మీద నిలబడ్డవే.

ఇదే పని ప్రైవేటుగా చెయ్యలేమా అని అప్పట్లోనే ఒక ప్రయత్నం జరిగింది. 1860ల్లో కర్నూలు–కడప కాలువని ఒక ఇంగ్లీషు కంపెనీ చేపట్టింది. పెట్టుబడికి 5 శాతం వడ్డీ వస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభమొస్తే కంపెనీది, నష్టమొస్తే ఖజానాది. అంచనా వేసినంత రాబడి రాలేదు. 1882లో ఆ కాలువని ప్రభుత్వమే కొనేసుకుంది. ఆ ఒప్పందంలో మార్కెట్ ఎక్కడుందో నాకైతే కనపడదు.

ఆనకట్ట కట్టాక కూడా నీళ్లు వాటంతట అవి అందరికీ చేరలేదండి. ఎగువవాడు రాత్రిపూట తూము ఎత్తుకుంటే శివారు రైతు నారుమడి నెర్రెలిస్తుంది. అందుకే లాకులున్నాయి, కాలువ నీళ్లు చూసుకునే లస్కర్లున్నారు, దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు చాలనప్పుడు వంతులున్నాయి. సీలేరు నుంచి నీళ్లు వదిలితే తప్ప దాళ్వా గట్టెక్కని ఏళ్లు మనం ఎన్ని చూడలేదు! అప్పుడు నీటిని వేలానికి పెడితే ఎవరికి దక్కుతుంది? రొయ్యల చెరువులవాళ్లకి, మోటారు పెట్టుకోగలవాళ్లకి. వంతు అనేది నియంత్రణే. వంతు తప్పినప్పుడు తిట్టుకుంటాం, కానీ వంతే వద్దన్న రైతుని నేను ఇంతవరకూ చూడలేదు. ఎందుకంటే ఆ వంతు పలానా రోజు అని ముందే తెలుస్తుంది. నా మాట అంతా ఈ 'ముందే' దగ్గరే ఉందండి, కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక ఆకలి. 1876–78లో ధాత కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం ధాన్యం వ్యాపారంలో జోక్యం చేసుకోకూడదని పట్టుబట్టింది. ధర పెరిగితే ధాన్యం దానంతట అదే కరువు ప్రాంతానికి వస్తుందన్నారు. ధాన్యం డబ్బున్న చోటికి వెళ్లింది, ఓడలెక్కి దేశం దాటి కూడా వెళ్లింది. ఆకలి ఉన్న చోట డబ్బు లేదు. 1943 బెంగాల్ కరువులోనూ అదే. తిండి మొత్తంగా లేకపోవడం కన్నా, తిండి కొనే శక్తి జనానికి పోవడం వల్ల చచ్చిపోయారని అమర్త్య సేన్ లెక్కలతో చూపించారు. 1983లో మన రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు, మా ఇంట్లో పనిచేసే ఆవిడ మొదటిసారి సంచీ నిండా బియ్యం తెచ్చుకుని, తలుపు దగ్గర ఆ సంచీ దించి దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. నాకు ఆ చెయ్యి గుర్తుంది. రేషన్ బియ్యం దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఎప్పటికీ ఒప్పుకోను.

మరి ఆ బియ్యం ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? ఇక్కడ నేను ప్రభుత్వాన్ని నిలదియ్యాలి.

పెద్దవాళ్లకి జ్ఞాపకం ఉంటుంది, ఒకప్పుడు బియ్యం బస్తా హద్దు దాటించడం నేరం. 1957లో దక్షిణాది రాష్ట్రాలు కలిపి బియ్యానికి ఒక మండలం (జోన్) అన్నారు, కొన్నేళ్లకి రాష్ట్రం ఒక్కటే మండలం అన్నారు. చెక్‌పోస్టులు పెట్టారు. అవతల ధర బాగుందని తెలిసినా ఇవతలే అమ్ముకోవాలి. ఆ తర్వాత లెవీ. మిల్లరు ఆడించిన బియ్యంలో మన రాష్ట్రంలో 75 శాతం దాకా ప్రభుత్వం చెప్పిన ధరకి ఇచ్చి తీరాలి. రైతుకి మద్దతు ధర ఇచ్చాకే లెవీ తీసుకుంటాం అన్నారు. ఇచ్చినట్టు కాయితం వచ్చేది. కాయితం మీద అంకె ఒకటి, రైతు చేతిలో పడింది ఇంకొకటి. కేంద్రం 2014లో దాన్ని 25 శాతానికి కుదించి, 2015 అక్టోబరు నుంచి పూర్తిగా తీసేసింది. తీసెయ్యడం మంచిదే. ఎవరిని కాపాడటానికి పెట్టారో వాళ్లకే చేరని నియమం అది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఎగుమతుల దగ్గర తగిలింది. కాకినాడ రేవు మనకెంత ముఖ్యమో తెలుసు కదా, దేశంలోంచి బియ్యం ఎక్కువగా వెళ్లే రేవుల్లో అది ముందుంటుంది. 2008లో బాస్మతి కాని బియ్యం ఎగుమతిని నిషేధించారు. ప్రపంచమంతా తిండి ధరలు మండిపోయిన ఏడాది, నిషేధించడానికి కారణం ఉంది. కానీ ఆ కారణం పోయాక కూడా నిషేధం అలాగే ఉండిపోయింది. 2010–11లో మద్దతు ధర క్వింటాకి 1,000 రూపాయలు. దాళ్వా వడ్లు బయటికొచ్చాయి. గోడౌన్లు నిండి ఉన్నాయి, రేవు మూసి ఉంది, మిల్లులు కొనేది లేదన్నాయి. అంటే అమ్ముకునే దారులన్నీ ఒక చట్టంతో మూసేసి, ఆ తర్వాత రైతుని మార్కెట్‌కి వదిలేశారు. నియంత్రణ వల్ల వచ్చే నష్టమూ రైతుదే, స్వేచ్ఛ వల్ల వచ్చే నష్టమూ రైతుదే. రెండిటి లాభం ఇంకెవరిదో.

అప్పుడు కోనసీమ రైతులు ఏం చేశారు? 2011 సార్వాకి నారు పొయ్యలేదు. పంట విరామం అన్నారు. దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టారు. నేను ఆ ఆగస్టులో అమలాపురం వైపు బస్సులో వెళ్లాను. ఆగస్టు అంటే ఊడ్పులు అయిపోయి చేలు పచ్చగా కళ్లకి చల్లగా ఉండాలి. కాలువ నిండా నీళ్లున్నాయి. కాలువ పక్కనే చేలల్లో తుంగ మొలిచి ఉంది, గేదెలు తిరుగుతున్నాయి. నీళ్లు లేక బీడు పెట్టిన పొలం నేను చూశాను. నీళ్లుండి బీడు పెట్టిన పొలం అదే మొదటిసారి చూడటం. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన కిటికీలోంచి చూడకుండా తల దించుకునే ఉన్నాడు. ఏ ఊరండీ అంటే పేరు చెప్పాడు, మళ్లీ తల దించుకున్నాడు.

ఎందుకిలా జరిగిందో చూడమని ప్రభుత్వం రిటైర్డ్ ఐఏఎస్ అధికారి మోహన్ కందా కమిటీ వేసింది. వాళ్లు తిరిగారు, రైతులు చెప్పుకున్నారు. గిట్టుబాటు లేకపోవడం, పూడిపోయిన మురుగు కాలువలు, కూలి ఖర్చు, సమయానికి రాని నీళ్లు. ఎగుమతి నిషేధం 2011 సెప్టెంబరులో ఎత్తేశారు. సెప్టెంబరులో! నారు పొయ్యడానికి కాలం దాటిపోయాక.

ఇది అప్పటితో పోలేదు. 2023 జులై 20న మళ్లీ తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. ఆ రోజుకి మన నారుమళ్లు పోసి ఉన్నాయి, కొన్నిచోట్ల ఊడ్పులు కూడా మొదలయ్యాయి. ఏ రకం వెయ్యాలో, ఎంత కౌలుకి ఒప్పుకోవాలో రైతు అప్పటికే తేల్చుకున్నాడు. ఆ ఏడు వానలు తగ్గుతాయని, పట్నాల్లో ధరలు పెరుగుతాయని ప్రభుత్వానికి భయం. ఆ భయం ఉత్తిది అని నేననను. నిరుడు 2024 సెప్టెంబరు చివర్లో ఎత్తేశారు. పెట్టినా ఎత్తినా, రాత్రికి రాత్రి ఒక ఉత్తర్వు. లస్కరు వంతు మార్చాలంటే కూడా ముందు చాటింపు వేస్తాడు కదండీ!

పట్నంలో తినేవాళ్లకి బియ్యం చవగ్గా ఉండాలి, ఒప్పుకుంటాను. ఆ చవక ఖర్చు ఖజానా పెట్టుకోవాలి. రేవు మూసేసి ధర పడగొడితే ఆ ఖర్చు రైతు జేబులోంచి వెళుతుంది, ఏ బడ్జెట్‌లోనూ కనపడదు. పన్ను అని పేరు పెట్టకుండా వేసిన పన్ను అది. పార్లమెంటులో చర్చ కూడా ఉండదు.

అందుకే 2020లో కేంద్రం మూడు వ్యవసాయ చట్టాలు తెచ్చినప్పుడు, మార్కెట్ యార్డు బయట ఎవరికైనా అమ్ముకోవచ్చు అన్నప్పుడు, నాకు పెద్ద ఉత్సాహమూ కలగలేదు, పెద్ద కోపమూ రాలేదు. మన దగ్గర వడ్లు యార్డుకి వెళ్లిందెప్పుడు? మన అమ్మకం ఎప్పుడూ చేను గట్టు మీదే, రోడ్డు పక్కనే. ఆ స్వేచ్ఛ మనకి మొదట్నుంచీ ఉంది. అది ఉండి కూడా బస్తా 1,400కి పోయింది. పంజాబులో యార్డు ఉంది కాబట్టి వాళ్లు దాని కోసం ఢిల్లీ హద్దుల్లో ఏడాది కూర్చున్నారు. 2021 నవంబరులో చట్టాలు వెనక్కి తీసుకున్నారు. వాళ్లది వాళ్ల లెక్క, మనది మన లెక్క.

కౌలు సంగతి కొంచెం చెప్పాలి, ఇక్కడ సగానికి సగం మంది కౌలుకి చేసేవాళ్లే కూర్చున్నారు కాబట్టి. 1956లో కౌలుదార్ల చట్టం వచ్చింది. ఉద్దేశం చాలా మంచిది: కౌలుదారుణ్ని ఊరికే తీసెయ్యకూడదు, కౌలు ఇంతకు మించకూడదు. ఏం జరిగింది? భూమి గలాయన కాయితం రాయడమే మానేశాడు. నోటిమాట కౌళ్లు వచ్చాయి. కాయితం లేదు కాబట్టి బ్యాంకులో అప్పు లేదు, తుపానొస్తే పరిహారం అవతలాయన ఖాతాలో పడుతుంది. 2019లో సాగుదారు హక్కుల కార్డు అన్నారు. దానికీ భూమి గలాయన సంతకం కావాలి. ఆయన భయం ఆయనది. మా తమ్ముడు మూడుసార్లు అడిగాడు, నాలుగోసారి అడిగితే చేనే ఇవ్వనంటాడేమోనని ఊరుకున్నాడు. కాపాడతానని వచ్చిన చట్టం అవతలివాణ్ని ఎంత భయపెడుతుందో చూసుకోకపోతే, ఆ భయం తిరిగి తిరిగి బలహీనుడి మీదే పడుతుంది. ఇది చట్టం వద్దనే వాదన కాదండి. అది రాసేవాళ్లు ఒక్క సీజను చేను గట్టు మీద కూర్చోవాలని నా కోరిక.

రొయ్యల చెరువుల సంగతి అడుగుతారని తెలుసు. భీమవరం వైపు బంధువులు లేని ఇల్లు ఇక్కడ లేదు. రొయ్య పూర్తిగా మార్కెట్ పంట. మద్దతు ధర లేదు, రేషన్ లేదు. దాంతో ఎంతమంది బాగుపడ్డారో మనం చూశాం. కానీ ఆ మార్కెట్ నిలబడ్డది ఎలా? తొంభైల్లో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చి ఇళ్లకి ఇళ్లు కూలిపోయాయి. 2009లో వనామీ రకం రొయ్యని అనుమతించినప్పుడు తల్లి రొయ్యల్ని ఎక్కడ పడితే అక్కణ్ణుంచి దించుకోమనలేదు. రోగం లేనివని తేలినవే రావాలి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి పరీక్షించాకే రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీకి ఇవ్వాలి అన్నారు. ఆ గట్టి నియమం మీదే ఇంత వ్యాపారం పెరిగింది. నియమం సడలిన చోట, దొంగ సీడు వచ్చిన చోట మళ్లీ రోగం వచ్చింది. రైతులే చెబుతారు.

అలాగే నా చెరువు ఊట నీ చేలోకి వస్తే నీ వరి ఎర్రబడి చచ్చిపోతుంది. నా లాభంలో నీ నష్టం లెక్కకి రాదు. నీ చేను పండక నువ్వూ చెరువు తవ్వించుకుంటావు, ఇష్టం ఉండి కాదు. ఒక్క ఎకరంతో మొదలై వరస మొత్తం చెరువులైపోయిన చోట్లు మీకు నేను చూపించక్కర్లేదు. అక్కడ ప్రతివాడూ స్వేచ్ఛగానే నిర్ణయించుకున్నాడని కాయితం మీద ఉంటుంది. మొదటివాడు తప్ప మిగతావాళ్లకి ఆ స్వేచ్ఛ నిజంగా ఉందా? చుట్టూ గట్టుకీ చేనుకీ మధ్య మురుగు బోదె వదలాలనే నియమం అమలైతే చాలు, సగం తగాదాలు ఉండవు.

ఈ ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాదే. వాషింగ్టన్లో సంతకం పడితే వారం తిరక్కుండా ఇక్కడ కేజీకి ఎన్ని తూగుతాయో చూసి కట్టే కౌంట్ ధర పడిపోయింది. చెరువులో రొయ్యకి ఆగే ఓపిక ఎంతుంటుంది? మేత రోజూ వెయ్యాలి. మళ్లీ అదే, ఆగలేనివాడి బేరం.

నేను ఏం కోరుతున్నానో చెప్పి దిగిపోతాను. ఎగుమతికి అనుమతా, నిషేధమా, ఎంత సుంకమా అన్నది సార్వాకి మే నెలాఖరులోపు, దాళ్వాకి నవంబరులోపు చెప్పాలి. ఒకసారి చెప్పాక ఆ పంట అమ్ముడయ్యేదాకా మార్చకూడదు. మార్చక తప్పని ఆపద వస్తే, మార్చినందువల్ల పడిపోయిన ధర ప్రభుత్వం కట్టాలి. రెండోది, రైతుకి ఆగే ఓపిక కల్పించాలి. ఊరికో ఆరబెట్టే యంత్రం, నాలుగు వారాలు వడ్లు దాచుకునే గోడౌన్, ఆ రసీదు మీద అప్పు. అవి ఉంటే ధర గురించి ప్రభుత్వం పెద్దగా కలగజేసుకోనక్కర్లేదు, మా తమ్ముడు వాడి బేరం వాడు చేసుకుంటాడు. ఈ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర 2,369, అంటే 75 కేజీలకి 1,777 రూపాయలు. ఈ అంకె మీ పిల్లల చేత గోడ మీద రాయించండి. కిందటి నెల 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది, పడిపోయిన చేలల్లో తేమ ఎక్కువే ఉంటుంది. తేమ మిషన్ మిల్లులో ఒక్కటే ఉన్నంతకాలం అది చూపించిందే అంకె.

అందుకని మేము కొందరం చందాలు వేసుకుని ఒక తేమ మిషన్ కొన్నాం. ఇదిగో, ఈ బల్ల మీద పెట్టాం. దీన్ని సరిచూసే పద్ధతి మన ఇంటర్ పిల్లలు ఇద్దరికి నేర్పించాను. ఎల్లుండి నుంచి పొద్దున్నే ఆరింటికి గ్రంథాలయం తాళం తీస్తాం. వడ్లు మిల్లుకి ఎత్తేముందు కుప్ప పైనుంచి కొన్ని, మధ్యలోంచి కొన్ని, అడుగునుంచి కొన్ని, మూడూ కలిపి ఒక దోసెడు తెచ్చుకోండి. అంకె, తేదీ, పేరు ఆ రిజిస్టర్లో రాసి సంతకం పెట్టి ఇస్తాం. డబ్బులేమీ అక్కర్లేదు.